తుడవని పిల్లనగ్రోవి

పిల్లనగ్రోవి ఊదడం వచ్చినవాడికి దాన్ని నేర్పడం కూడా వచ్చి తీరుతుందని మా సమాజం పెద్దలకు గట్టి నమ్మకం. సమాజం అంటే తెలంగాణ నుంచి సూరత్ వచ్చి మగ్గాలు నడుపుకునే మా కుటుంబాల సంఘం. ఈత వచ్చినవాడు ఇంకొకడిని బావిలోకి తోసి ఒడ్డున నిలబడితే ఆ రెండోవాడికి ఈత వస్తుందా అని నేను వాళ్లను అడిగాను. వాళ్లు నవ్వి, "గందుకే గద సారూ నిన్ను పిలిచింది, ఎట్ల నేర్పాల్నో జర నువ్వే నేర్పియ్యి" అని ఆ పని నా నెత్తిన పెట్టారు. నోరు జారడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కరోనా వచ్చిన మొదటి ఏడాది, చలికాలం మొదలవుతున్న రోజులవి.

నేను సూరత్ వచ్చింది మగ్గాల మీద పనికే. కరీంనగర్ వైపు పల్లె నుంచి మా పెదనాన్న కొడుకు వెంట రైలెక్కి వచ్చి పద్నాలుగేళ్లు సాంచాలు నడిపాను. మరమగ్గాలను మేం సాంచాలు అంటాం. షెడ్డు వెనక గల్లీలో ఒక భజన మండలి ఉండేది. అందులో పిల్లనగ్రోవి ఊదే ఒక ముసలాయన దగ్గర, పని దిగి వచ్చి ఒళ్లు కడుక్కుని, రోజూ గంటసేపు కూర్చునేవాడిని. ఆయన పోయాక మండలి పిల్లలకు నేర్పే పని నాకు వచ్చింది. మోకాళ్లు మొరాయించి సాంచాలు వదిలేశాక అదే నా బతుకైంది. సమాజం హాల్లో సాయంత్రాలు క్లాసులు. పాండేసర నుంచి, కోసాడ్ నుంచి, అంత దూరం జోల్వా నుంచి కూడా పిల్లలు షేర్ ఆటోల్లో వచ్చేవారు.

లాక్‌డౌన్‌తో అదంతా ఆగిపోయింది. సాంచాలు బందయ్యాయి, సగం మంది ఊళ్లకు పోయారు. సాంచాలు మళ్లీ మొదలయ్యాక మనుషులు తిరిగి వచ్చారు కానీ, పిల్లలను ఊరు ఆ చివరి నుంచి ఈ చివరికి ఆటోల్లో పంపడానికి తల్లులు ఒప్పుకోలేదు. పిల్లలు సారు దగ్గరికి రాలేకపోతే కాలనీకి ఒక సారును తయారు చేద్దాం అన్నారు పెద్దలు. నా పాత శిష్యుల్లో ఆరుగురిని ఏరాం. అందరూ రెక్కాడితే కానీ డొక్కాడనివాళ్లే. నాలుగు నెలలు, ఆదివారం ఆదివారం నేర్పి వాళ్లను సార్లను చేయాలి.

మొదటి ఆదివారం హాలు డాబా మీద వాళ్లను జంటలుగా కూర్చోబెట్టాను. ఒకరు సారు, ఒకరు ఏమీ రాని పిల్లవాడు అనుకోండి, మొదటి పాఠం చెప్పండి అన్నాను. పది నిమిషాల్లో తల పట్టుకున్నాను. ఒకడు తనకు వచ్చిన భజన మొత్తం కళ్లు మూసుకుని ఊది, 'గిట్ల ఊదాలె' అన్నాడు. ఇంకొకడు ఎదుటివాడి వేళ్లను రంధ్రాల మీద బోల్టులు బిగించినట్టు బిగించాడు. పైగా అందరూ అరుస్తున్నారు. సాంచాల మధ్య ఇరవై ఏళ్లు బతికినవాళ్లకు చెవులు సగం పోయి ఉంటాయి. తాము అరుస్తున్నామని వాళ్లకు తెలియదు, పిల్లనగ్రోవి కూడా అలాగే ఊపిరితిత్తులు బయటికి వచ్చేలా ఊదుతారు. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న గుజరాతీ ఆవిడ మా వైపు ఒకసారి చూసి, తడిబట్టలు బకెట్లోనే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు కదా, మన దగ్గర ఊదేవాడు కూడా చెవిటివాడే అన్నాను నేను. ఎవరూ నొచ్చుకోలేదు, సగం మందికి ఆ మాట వినపడలేదు.

ఒక్క జంట దగ్గర మాత్రం చప్పుడు లేదు. అక్కడ సారుగా కూర్చున్నది కోసాడ్ నుంచి వచ్చినాయన. నలభై దాటినవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, వార్పింగ్ మిషన్ మీద పడుగు దారాన్ని బీములకు, అంటే పెద్ద రోలర్లకు, చుట్టే పని. ఎదుటివాడు ఊదుతుంటే ఆయన వేళ్ల వైపు చూడడం లేదు, పిల్లనగ్రోవి వైపు చూడడం లేదు, ముఖంలోకి చూస్తున్నాడు. బుగ్గ ఉబ్బగానే కనుబొమ్మ ఎత్తాడు, ఎదుటివాడు బుగ్గ లోపలికి లాక్కున్నాడు. భుజాలు లేస్తే అరచేయి కిందికి దించి చూపాడు. సుయ్యిమని గాలి మాత్రమే వస్తుంటే తన కింది పెదవిని కాస్త లోపలికి మడిచి చూపాడు. అప్పుడు సా పలికింది. అంతసేపట్లో ఆయన నోట ఒక్క మాట రాలేదు.

అదెక్కడ నేర్చుకున్నావు తమ్మీ అని అడిగితే ఆయనకు నేను ఏమి అడుగుతున్నానో అర్థం కాలేదు. సాంచాల షెడ్డులో మనిషి మాట మనిషికి వినపడదు. అక్కడ అందరూ పెదవులు చూసి మాట పట్టుకుంటారు, కళ్లతో జవాబు చెప్పుకుంటారు. నేనూ పద్నాలుగేళ్లు అలాగే బతికాను. అయినా దాన్ని పాఠంలోకి తేవచ్చని నాకు ఎన్నడూ తోచలేదు. నేను ఇన్నేళ్లుగా వాగి వాగి నేర్పేదాన్ని ఆయన నోరు మెదపకుండా నేర్పేశాడు. సంతోషం కలిగింది, అసూయ కూడా కలిగింది, దాచడం ఎందుకు. మరుసటి ఆదివారం నుంచి నా పద్ధతి మార్చాను. మొదటి అరగంట ఎవరూ మాట్లాడకూడదు, శిష్యుడి ముఖం చూసి దిద్దాలి. తప్పు చెవికి వినపడే ముందు ముఖంలో కనపడుతుందని చెప్పి మిగతావాళ్లకు ఆయనను చూపించాను. ఆయన సిగ్గుపడి మాస్కు కళ్ల దాకా లాక్కున్నాడు.

ఆ చలికాలమంతా మేం నేర్చుకున్నది చాలా చిన్న చిన్న సంగతులు. మొదటి పాఠంలో పిల్లల చేతికి పిల్లనగ్రోవి ఇవ్వకూడదు, ఎవరి అరచేతి మీద వాళ్లతో ఊదించాలి. ఊపిరి వెచ్చగా తగిలితే తప్పు, చల్లగా తగిలితే ఒప్పు. రెండో పాఠంలో ఖాళీ సోడా సీసా మూతి మీద ఊదించాలి. నెల తిరిగేదాకా వేళ్ల జోలికి పోకూడదు. సారు తనకు వచ్చింది ఊది చూపించడం ఎంత తక్కువైతే అంత మంచిది. ఇది చెబితే భజన ఊదినవాడు నీరుగారిపోయాడు. క్లాసు అయ్యాక కోసాడ్ ఆయన నా పక్కన ఆటో స్టాండు దాకా నడిచేవాడు. దారిలో ప్రశ్నలు. నేర్చుకునే పిల్లవాడు ఏడిస్తే ఏం చేయాలి అని ఒకరోజు అడిగాడు. నాకు జవాబు తెలియదు, ఏడిచిన పిల్లలను నేను ఇంటికి పంపేసేవాడిని. రెండు వారాల తరువాత జవాబు ఆయనే తెచ్చాడు. ఏడుస్తున్న పిల్లవాడికి తన అరచేయి చాపి దాని మీద ఊదమన్నాడట, ఊదుతూ ఊదుతూ వాడి ఏడుపు ఆగిందట. అప్పటికే ఆయన వాళ్ల క్వార్టర్ల డాబా మీద పిల్లలను కూర్చోబెట్టి మొదలుపెట్టేశాడు.

మాస్కులతో మాకు ఒక తంటా. పెదవులు కనపడకపోతే వాళ్లకు మాట వినపడనట్టే. అందుకని మాట్లాడేటప్పుడల్లా మాస్కు గడ్డం కిందికి దించుతారు, నేను కసురుతాను, మళ్లీ ఎక్కిస్తారు. పిల్లనగ్రోవికి ఎలాగూ మూతి విప్పాల్సిందే. తబలా, హార్మోనియం మాస్కు పెట్టుకుని కూడా నేర్పుకోవచ్చు. మా దరిద్రం కొద్దీ ఊపిరితో పలికే వాద్యాన్ని పట్టుకున్నాం. చేసేది లేక మనిషికీ మనిషికీ మధ్య రెండు బారల దూరం పెట్టాను. ఒకరి పిల్లనగ్రోవి ఇంకొకరు ముట్టకూడదని గట్టిగా చెప్పాను.

ఆ కట్టడితో నా పాఠంలో ముఖ్యమైన ముక్క ఒకటి పోయింది. పిల్లవాడికి స్వరం పలకనప్పుడు సారు మొట్టమొదట తేల్చుకోవాల్సింది తప్పు వెదురుదా, పిల్లవాడిదా అని. దానికి ఒకటే దారి. వాడి చేతిలోది తీసుకుని తాను ఊది చూడాలి. తాను ఊదితే పలికిందంటే పిల్లవాడిని దిద్దాలి. పలకలేదంటే ఆ వెదురు ఎక్కడో చీలి ఉంటుంది, లేదా రంధ్రం తప్పు చోట పడి ఉంటుంది. ఇది తెలియని సార్లు చీలిన వెదురు చేతికిచ్చి పిల్లలను ఏడాదిపాటు తిట్టడం నేను చూశాను. రెండు బారల దూరం నుంచి చెవితో కనిపెట్టడం నాకే సగంసార్లు తప్పుతుంది, ఇక వాళ్ల సంగతి చెప్పాలా. ఆరుగురిలో ఒక్కతే ఆడపిల్ల, పాండేసరలో పిల్లలకు ట్యూషన్లు చెప్పే అమ్మాయి, ఇది కూడా ఒడ్డున నిలబడి ఈత నేర్పడమే కదా సార్ అని నా మాటను నాకే అప్పజెప్పింది.

భజన మండలిలో నాకు నేర్పిన ముసలాయన, మా గురువుగారి పద్ధతి ఇంకొకటి ఉంది. శిష్యుడు ఇక ఇంకొకరికి నేర్పవచ్చు అని నమ్మకం కుదిరిన రోజున, ఆయన ఒక కొత్త పిల్లనగ్రోవిలో ముందు తాను ఊపిరి పోసి, తుడవకుండా శిష్యుడి చేతికి ఇచ్చేవాడు. శిష్యుడు కూడా తుడవకుండానే పెదవికి ఆనించుకోవాలి. తుడిస్తే నేర్చినది తుడుచుకున్నట్టే అనేవాడు. నాకు అలాగే ఇచ్చాడు, ఆ సంగతి ఆరుగురికీ ఎన్నోసార్లు చెప్పాను. బయటివాళ్లకు ఇది రోతగా ఉండవచ్చు, మాకు కాదు. పాత సాంచాల మీద నాడె కన్నంలోకి దారం ఎక్కించాలంటే నోరు పెట్టి పీల్చాలి. అటూ ఇటూ పరుగెత్తే ఆ నాడెకు ఒక చిన్న కన్నం ఉంటుంది, గట్టిగా పీలిస్తే దారం కొస నాలుకకు తగులుతుంది. పగటి పాళీవాడు పీల్చిన నాడెనే రాత్రి పాళీవాడు పీలుస్తాడు. ఏళ్ల తరబడి ఎవరెవరి ఎంగిలో మింగినవాళ్లం, గురువు ఎంగిలికి ముఖం ముడుస్తామా? ఆ నాడెల వల్ల మా షెడ్లలో ఎందరు దగ్గి దగ్గి పోయారో అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు.

మార్చి వచ్చేసరికి సాంచాలు రెండు పాళీలూ నడుస్తున్నాయి, పెళ్లిళ్లు జరుగుతున్నాయి, మాస్కులు గడ్డాల కిందికి దిగాయి. కరోనా పోయిందని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఆ నెల చివర మా ఆఖరి ఆదివారం. ఆరు కొత్త పిల్లనగ్రోవులు కాగితంలో చుట్టి తెచ్చాను. ఎవరిది వాళ్లకు ఇచ్చి, ఒక ఫొటో దిగి, మిఠాయి తిని ఇళ్లకు పోదామని నా ఉద్దేశం. అయిదుగురు తీసుకున్నారు. కోసాడ్ ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువు ఊపిరి పడకుంట మేం సార్లమెట్లయితం సార్?" అన్నాడు.

ఆ మాట ఎవరైనా అంటారా అని నేను ఎదురుచూస్తున్నానని అప్పుడు నాకు తెలిసింది. ఆ పొద్దున లేచేసరికి నా గొంతులో గరగర ఉంది. సూరత్‌లో మా వాళ్లలో దగ్గనివాడు ఎవడైనా ఉంటే వాడు నిన్న రైలు దిగినవాడే. సాంచాల దుమ్ము గొంతులో ఎప్పుడూ ఉంటుంది, వదిలేసి ఎన్నేళ్లయినా పోదు. ఇదీ అదే అనుకున్నాను. నిజంగా అనుకున్నానో, అలా అనుకుంటే పని జరుగుతుందని అనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. గొంతు సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇచ్చినవి వెనక్కి తీసుకుని ఆరింటిలోనూ ఊదాను. ఆరుగురూ తుడవకుండా పెదవికి ఆనించుకున్నారు. కోసాడ్ ఆయన ఊదిన సా కంటే ముందు 'ఫు' అని చిన్న గాలి చప్పుడు వచ్చింది. అది ఆయనకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. దూరం నుంచి ఎంత చెప్పినా పోలేదు. తప్పు వెదురుదా, నీదా, ఇవాళ తేలుద్దాం తమ్మీ అని నవ్వుతూ ఆయన చేతిలోది తీసుకుని ఊదాను. వెదురు బంగారంలా ఉంది. తిరిగి ఇచ్చాను, ఆయన ఊదాడు, మళ్లీ ఫు. మళ్లీ తీసుకున్నాను. నాలుగు నెలలుగా చెప్పలేకపోయిన పాఠం ఆ ఒక్క పూటలో చెప్పేయాలని నాకు ఆత్రం. మమ్మల్ని చూసి మిగతావాళ్లు కూడా ఒకరిది ఒకరు తీసుకుని ఊది చూసుకున్నారు. అంత సంతోషంగా నేను ఏ క్లాసులోనూ లేను.

మూడో రోజు నాకు జ్వరం వచ్చింది. ముందు గదిలో మంచం వేసి నన్ను వేరుగా పెట్టారు. వాసన పోయింది, రుచి పోయింది, నాలుగు రోజులు ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాను. ట్యూషన్ అమ్మాయికి ఒళ్లు వెచ్చబడి రెండు రోజుల్లో తగ్గింది. తక్కిన నలుగురికి ఏమీ కాలేదు. నేను కాస్త తేరుకుని మంచం మీద లేచి కూర్చున్న రోజున ఆ అమ్మాయే ఫోన్ చేసి, కోసాడ్ ఆయనకు ఆయాసం వస్తే ఆస్పత్రిలో చేర్చారని చెప్పింది. ఎప్పటి నుంచి బాగాలేదని అడిగాను. మన ఆఖరి క్లాసు అయినప్పటి నుంచేనట సార్ అంది. నా గొంతు గరగర ఆ ఆదివారం పొద్దుటిది. ఆయనకు నా నుంచే అంటిందనడంలో ఇక నాకు అనుమానం ఏమీ మిగలలేదు.

ఆయన మొదటిసారి ఫోన్ చేసింది ఆ మధ్యాహ్నమే. నా భార్య అన్నం పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి జరిగింది. మంచం మీద ఫోను మోగింది, తెర మీద ఆయన పేరు. చేయి చాపి వెనక్కి తీసుకున్నాను. ఎత్తితే ఏమంటాడు? సార్, మీకు ముందే ఉండెనా అంటాడు. లేదని అబద్ధం చెప్పడానికి నోరు రాదు, ఉందని నిజం చెప్పడానికి ధైర్యం లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. నన్ను ఎవరూ ఏమీ అనకముందే నేను తడుముకుంటూ కూర్చున్నాను. ఫోను మోగి మోగి ఆగింది.

సాయంత్రం మళ్లీ మోగింది. మర్నాడు రెండుసార్లు. ఎవరని నా భార్య గుమ్మం అవతల నుంచి అడిగితే ఫోన్ కంపెనీవాళ్లు అన్నాను. ఆ మర్నాడు ఒకసారి ఆయన నంబరు నుంచి, ఒకసారి తెలియని నంబరు నుంచి వచ్చింది. అదీ ఎత్తలేదు. ఆయన కోలుకుని ఇంటికి వచ్చాక నేనే చేస్తాను, నేనే కోసాడ్ వెళ్లి కూర్చుంటాను, అప్పుడు ఏ మాట అన్నా పడతాను అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తరువాత ఫోన్లు రాలేదు. నాలుగు రోజులకు ఆయన పోయాడని ట్యూషన్ అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. ఆ రోజుల్లో ఎవరి చావుకూ ఎవరినీ పిలవలేదు, నన్నూ పిలవలేదు. పిలవనందుకు నేను లోలోపల బతికిపోయాను అనుకున్నాను. ఆ అనుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీద కంపరం పుడుతుంది.

ఆ ఎండాకాలమంతా పిల్లనగ్రోవి ముట్టలేదు. ఒకటి రెండుసార్లు పెదవి దాకా తెచ్చాను. రంధ్రం అంచుకు తగిలి నా ఊపిరి నా ముఖానికే తిరిగి వచ్చినప్పుడు, ఆయనకు ఇచ్చింది ఇదే కదా అనిపించి దించేశాను. పళ్లు తోముకుంటూ అద్దంలో నా నోరు నేను చూసుకునేవాడిని. ఇంట్లో ఎవరి గ్లాసు వాళ్లకు వేరు పెట్టించాను. కరోనా తగ్గినా నీ చాదస్తం తగ్గదా అని నా భార్య విసుక్కుంది. ఆమెకు ఏ సంగతీ చెప్పలేదు. పట్టపగలు, వీధిలో పిల్లలు ఆడుకుంటుండగా, ఫోను మోగకపోయినా మోగినట్టు వినపడేది. తీసి చూస్తే ఏమీ ఉండేది కాదు.

వానలు తగ్గాక మిగిలిన అయిదుగురు ఎక్కడివాళ్లు అక్కడ క్లాసులు మొదలుపెట్టారు. కోసాడ్ పిల్లలను ఆదివారాలు ట్యూషన్ అమ్మాయి చూసుకునేది. ఒకసారి వచ్చి వినమని నన్ను పిలిచింది. నేర్పేవాళ్లను తయారు చేసినవాడిని, వెళ్లకపోతే ఎలా? వెళ్లాను. క్వార్టర్ల డాబా మీద పదకొండు మంది పిల్లలు వరుసగా కూర్చున్నారు. ఆ అమ్మాయి కనుబొమ్మ ఎత్తింది. అది ఆయన ఎత్తే తీరే. పిల్లలు ఊదారు. ఫు, సా. ఒక్కొక్కరితో విడిగా ఊదించాను. ప్రతి ఒక్కరికీ సా కంటే ముందు ఆ ఫు ఉంది. ఆయన వాళ్లకు నేర్పింది రెండు మూడు నెలలే. పిల్లలు సారు చెప్పినదానికంటే సారు చేసినదాన్ని త్వరగా పట్టుకుంటారని ఆరుగురికీ చెప్పింది నేనే.

దీన్ని పోగొట్టాలా సార్ అని ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. మొదట్లోనే దిద్దకపోతే ఈ అలవాటు ముసలితనం దాకా పోదు. అది నాకు తెలుసు, ఆ అమ్మాయికి నేర్పింది కూడా అదే. "ఉండనియ్యి బిడ్డా, జర ఆగి చూద్దం" అన్నాను. మెట్లు దిగుతుంటే పిల్లలు మళ్లీ మొదలుపెట్టారు. పైన ఆ డాబా మీద ఆయన పదకొండు చోట్ల కూర్చుని ఒకేసారి ఊదుతున్నట్టు అనిపించి గోడ పట్టుకుని దిగాను. ఆయన ఇల్లు ఆ క్వార్టర్లలోనే, రెండు బిల్డింగుల అవతల. అటు చూడకుండా ఆటో ఎక్కాను.

ఏడాది తిరిగాక పెద్దలు ఆరుగురికీ సర్టిఫికెట్లు అచ్చు వేయించారు. పోయినాయనది ఇంటికి తీసుకెళ్లి ఇవ్వాలని, అది గురువే ఇవ్వాలని తీర్మానించారు. మోకాళ్లు చూపించి తప్పించుకోబోయాను. వాళ్లు ఆటో మాట్లాడి నన్ను ఎక్కించారు.

మూడో అంతస్తు. తలుపు తీసి ఉంది. ఆయన భార్య నేల మీద కూర్చుని ఒక చీర అంచుకు టిక్కీలు అతికిస్తోంది. మెరిసే ఆ చిన్న బిళ్లలను జిగురు పెట్టి ఒక్కొక్కటే అద్దాలి. నన్ను చూసి కొంగు సర్దుకుని లేచి కుర్చీ వేసింది. సర్టిఫికెట్ తీసుకుని పేరు ఉన్న చోట వేలు పెట్టి చదువుకుని, ఆయన ఫొటో పక్కన నిలబెట్టింది. చాయ్ పెట్టి ఇచ్చి మళ్లీ చీర ముందు కూర్చుంది. చాయ్ సగం తాగి, ఇప్పుడు చెప్పకపోతే ఇక ఈ జన్మలో చెప్పను అనుకుని నోరు తెరిచాను.

"చెల్లే, ఆ దినం పొద్దున నాకు గొంతు బాగలేకుండె. ఎవ్వలకు చెప్పలే. చెప్పకుంటనే ఊది ఇచ్చిన" అన్నాను.

ఆమె నా వైపు అర్థం కానట్టు చూసింది. తరువాత చెప్పుకొచ్చింది. ఆయనకు అంతకు ముందురోజు శనివారమే జ్వరం ఉందట. ఈమె వద్దని ఎంత చెప్పినా వినలేదట. ఇంత కాలం నేర్చుకుని, సారు ఊపిరి పోసే రోజున ఇంట్లో పండుకోనా అని గోలీ వేసుకుని వచ్చాడట. తరువాత నేను మంచం పట్టానని ట్యూషన్ అమ్మాయి చెప్పినప్పటి నుంచి ఆయనకు ఒకటే దిగులు. సారుకు నేనే అంటించాను, ఊదమని అడిగింది కూడా నేనే, సారు పెద్దమనిషి, తట్టుకోలేడు అని గోడ వైపు తిరిగి పడుకునేవాడట.

ముందుగా నాకు కలిగింది తేలిక. సిగ్గు విడిచి చెబుతున్నాను. ఏడాదిగా గుండె మీద మోసిన బండ ఒక్కసారిగా పక్కకు జరిగింది. నేను కాదు. నా వల్లనే అని ఖాయం కాదు. గ్లాసులో మిగిలిన చాయ్ కూడా తాగాను. ఆమె తల వంచుకుని టిక్కీలు అద్దుతూ మిగతా సంగతి చెప్పింది.

"మీకు ఎన్నిసార్లు ఫోన్ చేసిండో సార్. మీరు ఎత్తకపాయిరి. ఆస్పత్రిల నుంచి వీడియో కాల్ చేసినప్పుడల్ల గదే అడుగుడు, సార్ బతికున్నడా అని. సార్‌తోని నేను మాట్లాడిన, మంచిగున్నడు అని అబద్ధం చెప్పిన. నమ్మలే. మంచిగుంటె నా ఫోన్ ఎందుకెత్తడు, సార్ పోయిండు, నువ్వు నాకు చెప్తలేవు అన్నడు. నాతోని గదే ఆఖరి మాట."

ఖాళీ గ్లాసు కింద పెట్టాను. ఆయన నన్ను నిలదీయడానికి చేశాడనుకున్నాను. నేను బతికే ఉన్నానో లేదో తెలుసుకోవడానికి చేశాడు. నేను 'ఆఁ, చెప్పు తమ్మీ' అని ఉంటే చాలు, ఆ రెండు ముక్కలు ఆయనకు సరిపోయేవి.

"అప్పుడు మీ ఫోన్ కరాబైందా సార్?" అని అడిగింది ఆమె. అందులో నింద లేదు. అవునంటానని ఎదురుచూస్తున్నట్టు కూడా ఉంది.

"కరాబ్ కాలే చెల్లే. చేతిలనే ఉండె. తమ్ముని పేరు చూసుకుంట కూసున్న. భయపడ్డ."

టిక్కీ అద్దబోతున్న వేలు గాలిలో ఆగింది. వేలి కొసన జిగురు ఎండిపోయేంతసేపు ఆమె అలాగే ఉంది. తిడుతుందని చూశాను, ఏడుస్తుందని చూశాను. రెండూ జరగలేదు. వేలిని చాప అంచుకు రాసుకుని, ఇంకో టిక్కీ తీసి అద్దింది. దాని పక్కన ఇంకొకటి అద్దింది.

"పిల్లలకు మాత్రం సార్ ఫోన్ కరాబైందనే చెప్పిన. గట్లనే ఉండనియ్యుండ్రి" అంది. నా ముఖం చూడలేదు.

లేవబోతుండగా వాళ్ల పెద్దబిడ్డ బడి నుంచి వచ్చింది. డాబా మీద నేను ఊదించిన పదకొండు మందిలో ఆ పిల్ల ఉందని చూడగానే గుర్తుపట్టాను. సంచి మూలన పడేసి సర్టిఫికెట్ చదువుకుంది. మళ్లీ చదివింది. తరువాత వచ్చి నా కాళ్లకు దండం పెట్టింది. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేకపోయాను.

"సార్, మీ ఫోన్ మళ్ల ఠీక్ అయిందా?" అని అడిగింది.

వాళ్ల అమ్మ చీర మీద నుంచి తల ఎత్తలేదు.

"అయింది బిడ్డా" అన్నాను.